డిప్ రాడ్ ఎర్రబడిన కోతల కాలం

నా ఉద్యోగం ఏమిటో చెబితే ఇప్పటికీ జనం నవ్వుతారు. బంకుల్లో డీజిల్‌లో నీళ్లు కలిశాయా లేదా అని చూడటం. రిటైరయ్యేదాకా అదే చేశాను. సూర్యాపేటలో ఆఫీసు, కోదాడలో ఇల్లు, మిర్యాలగూడ దాకా తిరుగుడు. పాలు పోసే అతనితో మా ఆవిడకు పేచీ వచ్చినప్పుడల్లా "ఉండు, మా ఆయన్ని పిలుస్తా" అని బెదిరించేది. నా హోదాకు ఇంట్లో దక్కిన గౌరవం అంతే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఇప్పుడు యంత్రాలున్నాయి. ట్యాంకు అడుగున నీళ్లు చేరితే ఫోనుకే కబురొస్తుంది. సంతోషం. కానీ నాయనలారా, నీళ్లున్నాయని యంత్రం చెబుతుంది, ఎవరు పోశారో చెప్పదు. ఆ సంగతి కనిపెట్టడానికి చదువుకున్నవాళ్లం, అనుభవం ఉన్నవాళ్లం కలిసి ఎంత గొప్పగా బోర్లాపడ్డామో చెప్తాను, వినండి.

ముందు కాస్త శాస్త్రం. భయపడకండి, నాకు తెలిసిందే కొంచెం. డీజిల్ కంటే నీళ్లు బరువు, అందుకని అవి కిందికి దిగి ట్యాంకు అడుగున కూర్చుంటాయి. మేం ఒక పొడుగాటి ఇత్తడి కడ్డీ చివర గోధుమ రంగు పేస్టు పూసి గొట్టంలోంచి కిందికి దించుతాం. దాన్నే డిప్ రాడ్ అంటాం. నీళ్లు తగిలినంత మేరా ఆ పేస్టు ఎర్రగా మారుతుంది. ఎరుపు కనబడితే గొడవ, కనబడకపోతే టీ. నా ఉద్యోగ జీవితమంతా ఈ రెండిటి మధ్యే గడిచింది.

వేములపల్లి దాటాక మిర్యాలగూడ పోయే రోడ్డు మీద ఒక బంకు ఉండేది. ఓనరు వరి పండించే మనిషి, ఉన్న చెల్కలో కొంత బంకు కింద పెట్టాడు. మనసు మంచిదే, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఆయన తల్లి ఇంకా గట్టి మనిషి. వయసు ఎనభైకి దగ్గర్లో ఉన్నా నడుము వంగలేదు, మాట తగ్గలేదు. బంకులో పనిచేసే వాళ్లంతా ఓనరుకి కాదు, ఆమెకు భయపడేవాళ్లు.

ఆ స్థలంలో అంతకుముందు ఒక వేపచెట్టు, దాని కింద ముత్యాలమ్మ రాయి ఉండేవట. ట్యాంకు కోసం గుంత తవ్వినప్పుడు ఆ రాయిని శాస్త్రోక్తంగా తీసి ప్రహరీ మూలకు జరిపి గుడి కట్టారు. అందరూ ఒప్పుకున్నారు, ఈమె తప్ప. "రాయిని జరిపిండ్రు. అమ్మను ఎవరు జరుపుతరు?" అని ఆమె వాదన. అమ్మ ఉన్నచోటనే ఉంది, ఇప్పుడు ట్యాంకు కింద ఉంది. అందుకని మంగళవారం, శుక్రవారం ట్యాంకు మీది ఇనుప మూతకు బొట్లు పెట్టి సాక పోసేది. పసుపు, వేపాకులు కలిపిన నీళ్లన్నమాట. అమ్మ చల్లబడాలని, అందరూ చల్లగా ఉండాలని బిందెతో పోస్తారు.

అసలు సంగతి మీకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. మాకు కాలేదు. ఆ ఇనుప మూత కింద చిన్న సిమెంటు గుంత, ఆ గుంతలో డిప్ గొట్టం, దాని మీద రబ్బరు వాషరున్న బిరడా ఉంటాయి. ఏళ్ల తరబడి ఆ వాషరు గట్టిగా ఉన్నన్నాళ్లూ పోసిన సాక మూత సందుల్లోంచి దిగి గుంతలో నిలిచి, ఎండకు ఆరిపోయింది. ఆ ఏడు వాషరు చినిగింది. చినిగిన చోటు కిందివైపు ఉండటంతో పైనుంచి చూస్తే బిరడా బుద్ధిగానే కనిపించేది.

వరి కోతలు మొదలయ్యాయి. మిర్యాలగూడ చుట్టుపక్కల కోతలంటే మీకు తెలుసు, ఎటు చూసినా వరికోత మిషన్లే. అవి ఆ బంకులో డీజిల్ పోయించుకుని పొలం మధ్యకు పోయి ఆగిపోవడం మొదలుపెట్టాయి. మిషను వాళ్లు బంకు మీద పడ్డారు. ఓనరు నాకు ఫోన్ చేశాడు. వెళ్లి రాడ్ దించి తీశాను. కింద జానెడు మేర ఎర్రగా వచ్చింది.

అక్కడే నిలబడి ఉన్న పెద్దమ్మ ఆ ఎరుపు చూసి రెండు చేతులెత్తి దండం పెట్టింది. అమ్మ వచ్చిందని ఆమె నమ్మకం. అది పేస్టు పెద్దమ్మా, నీళ్లు తగిలితే రంగు మారిద్ది అని చెప్పబోయాను. "రోజు రానిది ఇయ్యాల ఎందుకొచ్చింది మరి?" అని అడిగింది. న్యాయంగా చెప్పాలంటే నా ప్రశ్న కూడా అదే. జవాబు మాత్రం ఆమె దగ్గరే ఉంది. అమ్మ వేడి మీద ఉంది కనుక వారానికి రెండుసార్లు చాలవని, ఆ రోజు నుంచి రోజూ సాక పోయడం మొదలుపెట్టింది. అదీ పెద్ద బిందెతో. ఇక నీళ్లు పెరిగేకొద్దీ సాక, సాక పెరిగేకొద్దీ నీళ్లు.

ఓనరు మాత్రం ట్యాంకర్ డ్రైవర్ మీద పడ్డాడు. డీజిల్ తెచ్చేది అతనే కదా, నీళ్లూ అతనే తెచ్చి ఉంటాడని లెక్క. ఆ డ్రైవరుది మోతె అనే ఊరు. సొంత ట్యాంకర్ లారీ, దాన్ని మా ఆయిల్ కంపెనీకి నడిపేవాడు. బంకుకు వచ్చి లోడు దించే ముందు టోపీ తీసి, లారీ ట్యాంకు మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. అతని ప్రార్థన అయ్యేలోపు నా టీ చల్లారేది. ఓనరు అతన్ని ఎన్నోసార్లు తన ఇంట్లో కూర్చోబెట్టి భోజనం పెట్టించాడు. అదే మనిషి ఇప్పుడు అందరి ముందూ దొంగ అన్నాడు.

మా మేనేజరు వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడు. తెలుగు అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. నిర్ణయాలు తీసుకోవడం మాత్రం ముందే నేర్చుకుని వచ్చాడు. తేలేదాకా ఆ లారీని పక్కన పెట్టమన్నాడు. కోతల కాలంలో, లారీకి ఊపిరాడనంత పని ఉండే రోజుల్లో అది మోతెలో ఇంటి ముందు నిలబడిపోయింది.

తర్వాత మరో లారీ వచ్చింది. నీళ్లు తగ్గలేదు. ఆ డ్రైవరు కూడా దొంగేనని ఓనరు తేల్చాడు. ఇంకో లారీ వచ్చింది, అప్పుడూ నీళ్లే. ఇంతమంది దొంగలు ఒక్క బంకు మీదే ఎందుకు పగబట్టారో ఎవరూ అడగలేదు, నాతో సహా. మనిషికి ఒకసారి దొంగ దొరికాక కారణాలతో పనుండదు.

ఈలోగా మోతెలో డ్రైవర్ పరిస్థితి మరో రకంగా పాడైంది. పని లేకపోవడం కంటే పెద్ద దెబ్బ అది. పెళ్లిళ్లవాళ్లు ఫోన్ చేసి నీళ్ల ట్యాంకర్ పంపుతావా అని అడుగుతున్నారట. సరదాకే అంటారు, నవ్వుతూనే అంటారు. ఆదివారం చర్చికి పోతే పక్కన కూర్చునేవాళ్లు కాస్త దూరం జరుగుతున్నారట. దొంగతనం చేసి వచ్చి ప్రార్థన చేస్తున్నాడన్న మాట ఎవరో అన్నారట. ఇదంతా అతను సూర్యాపేట ఆఫీసు మెట్ల మీద కూర్చుని నాకు చెప్పాడు. నేను మేనేజరుతో మాట్లాడతానన్నాను. ఉద్యోగులం అనే మాటే అది, పెద్దగా పనిచేయదు.

మేనేజరు ఆధునికుడు కనుక ట్యాంకు మూత మీదికి కెమెరా పెట్టించాడు. వారం పోయాక ఓనరు గదిలో కూర్చుని రికార్డింగు చూశాం. మేనేజరు, ఓనరు, నేను. ఏం కనబడింది? లారీ వస్తుంది, డీజిల్ దించుతుంది, పోతుంది. కుక్క వచ్చి మూత మీద పడుకుంటుంది. పెద్దమ్మ బిందె పట్టుకుని వస్తుంది. ఆమె కనబడగానే ఓనరు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. మేనేజరు దండం పెట్టి, "పూజ ఉంది, ముందుకు జరపండి" అన్నాడు. నేనే జరిపాను. ప్రతిరోజు రికార్డింగులో ఆ ముక్క వచ్చినప్పుడల్లా భక్తిగా జరుపుతూ వచ్చాను. మొత్తం చూశాక కుక్క మీద మాత్రం మేనేజరుకు కొంత అనుమానం మిగిలింది.

చివరికి అందరి ముందూ పరీక్ష పెట్టాలని తేలింది. ఆ పరీక్ష తన లారీతోనే చేయాలని మోతె డ్రైవర్ పట్టుబట్టాడు. నీళ్లు తేలితే ఇక స్టీరింగు ముట్టనన్నాడు. బంకు ట్యాంకు ఖాళీ చేయించి, లోపల గుడ్డలతో తుడిపించాం. మిషను వాళ్లు సాక్షులుగా వచ్చి వరుసగా నిలబడ్డారు. పొద్దున్నే లారీ వచ్చింది. పైకెక్కి రాడ్ దించాను. పేస్టు పెట్టింది పెట్టినట్టే వచ్చింది. రాడ్ అందరికీ చూపించాను. డ్రైవర్ టోపీ తీసి ప్రార్థన చేసుకున్నాడు, ఆ రోజు ఎవరూ తొందర పెట్టలేదు. డీజిల్ దిగింది. బంకు ట్యాంకులో మళ్లీ రాడ్ దించి తీశాను. నీటి చుక్క లేదు. ఇనుప మూతకు తాళం వేసి, చెవిని మేనేజరు తన చొక్కా జేబులో వేసుకున్నాడు. భోజనాలయ్యాక ఇంకోసారి చూసి సంతకాలు చేద్దామనుకున్నాం.

అప్పుడు వచ్చింది పెద్దమ్మ. అంత మంచి కార్యం జరుగుతుంటే ఆమె ఊరుకుంటుందా? కొత్త చీర కట్టి, ఆ రోజుకు ప్రత్యేకంగా రెండు బిందెలు మోయించుకుని వచ్చింది. మేమంతా చెప్పులు విడిచాం. మూత మీద బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అమ్మను పేరుపెట్టి తలుచుకుంటూ సాక పోసింది. నీళ్లు కొన్ని మా కాళ్ల వైపు పారాయి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టడానికి వచ్చిన మేము, ఆ నీళ్లు తొక్కకూడదని పక్కకు జరిగాం. మేనేజరు నేల మీద పెట్టిన తన బ్యాగును తీసి చంకలో పెట్టుకున్నాడు. డ్రైవర్ కూడా చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

భోజనాలయ్యాయి. మేనేజరు జేబులోంచి తాళం చెవి తీశాడు. మూత తెరిచి రాడ్ దించి తీశాను.

ఎర్రగా వచ్చింది.

డ్రైవర్ పోయి లారీ మెట్టు మీద కూర్చున్నాడు. అతని ముఖం చూడలేకపోయాను. మేనేజరు చేతిలో ఉన్న తాళం చెవిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు, నీళ్లు దాంట్లోంచి వచ్చాయేమో అన్నట్టు. ఓనరు మాత్రం "సూసిండ్రా, ఎట్లనో కలిపిండు" అన్నాడు, కానీ ఆ మాటలో ఇదివరకటి బలం లేదు.

నాకు ఒళ్లు మండింది. నీళ్లున్నాయని ఇన్నాళ్లూ చూశాం కానీ ఆ నీళ్లెలా ఉన్నాయో ఎవరం చూడలేదు. అడుగుకు పోయాక తెరుచుకునే చిన్న ఇత్తడి డబ్బా ఒకటి మా దగ్గర ఉంటుంది. దాన్ని తాడుతో దించి, వచ్చినదాన్ని గాజు జాడీలో పోశాను. కాసేపటికి తేరుకుంది. పైన డీజిల్. కింద పచ్చటి నీళ్లు. ఆ నీళ్లలో చిన్న వేపాకు ముక్క.

ఈ పసుపు రంగు ఏ రసాయనమో ల్యాబుకు పంపి తెలుసుకోవాలని మేనేజరు అన్నాడు. మిషను వాళ్లలో ఒక పెద్దమనిషి జాడీ తీసుకుని వాసన చూసి, మెల్లగా కింద పెట్టాడు. "ఇది సాక సారూ" అన్నాడు.

అందరం వెనక్కి తిరిగి చూశాం. పెద్దమ్మ నీడలో కుర్చీ వేసుకుని, కొబ్బరి ముక్కలు పంచుతోంది. ఒక్కొక్కరే పోయి చెప్పులు వేసుకున్నారు.

ఓనరు మమ్మల్ని గదిలోకి తీసుకుపోయి చేతులు పట్టుకున్నాడు. ఆ కోపిష్టి మనిషి కళ్లల్లో నీళ్లు చూడటం అదే మొదలు. తల్లికి తెలిస్తే ఇక అన్నం ముట్టదని, అమ్మకు పోసిన సాక ఇలా అయిందంటే ప్రాణం మీదికి తెచ్చుకుంటుందని భయం. ఆమెకు తెలియనివ్వమని అందరం మాటిచ్చాం. వాషరు మార్చాం. వాషరు చినిగి వాన నీళ్లు దిగాయని మేనేజరు రాసి పంపాడు. డ్రైవర్ తప్పు లేదని, లారీ నడుపుకోవచ్చని కూడా రాశాడు. నాకు అంతా బాగానే ముగిసిందనిపించింది.

రోజులు గడిచినా లారీ రాలేదు. మోతె పోయాను. డ్రైవర్ ఇంటి ముందు లారీ అలాగే ఉంది, కోళ్లు దాని కింద తిరుగుతున్నాయి.

"కాయితం వచ్చింది గదయ్యా, ఇంకా ఎందుకు కూర్చున్నావు?" అన్నాను.

"వాన వడ్డదా సార్ ఈ నడుమ?" అన్నాడు.

కోతలు మొదలైన దగ్గర్నుంచి ఆ ప్రాంతంలో చినుకు లేదు. అది ఊళ్లో అందరికీ తెలుసు. పడని వాన నీళ్లు ట్యాంకులో దిగాయంటే, పైవాళ్లకు ఏదో ముట్టజెప్పి తప్పించుకున్నాడని అనుకుంటున్నారట. ముందు దొంగ అన్నారు, ఇప్పుడు తెలివైన దొంగ అంటున్నారు. మేం రాసిన కాగితం అతనికి చేసిన మేలు అది.

"బండి నడుస్తది సార్. నేనే ఊర్ల నడువలేకపోతున్న" అన్నాడు. సాక సంగతి ఊళ్లో చెప్పుకోవచ్చు కదా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ముసలామె పూజ మీద తప్పు నెట్టిండు అంటారని, అందులోనూ తను చర్చికి పోయేవాడు కనుక అది ఇంకెటో పోతుందని అన్నాడు. అతను చెప్పింది నిజమే. ఇక ఈ మాట చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు.

ఆ రోజే వేములపల్లి పోయాను. ఓనరు మిర్యాలగూడ పోయిన సమయం చూసుకునే పోయాను. మాట తప్పానని ఆయన తర్వాత చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. పెద్దమ్మ వేపాకులు దూస్తోంది. పక్కన కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. అంతా అయ్యాక అడిగింది.

"మరి ఎర్రగ వచ్చింది?"

"నీళ్లు తగిలితే అట్లా ఎర్రబడిద్ది పెద్దమ్మా."

"నా నీళ్లేనా?"

"నీ నీళ్లే."

దూసిన వేపాకులను ఒడిలోంచి చాటలోకి దులిపింది. నేను ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "గా బిడ్డ ఇంటికాడనే కూసున్నడా ఇంక?" అంది. అవునన్నాను. "మూలకున్న గుడికాడ పోస్త తియ్. అమ్మ ఏమనుకోదు. ఆని నోట్ల మన్ను గొడితే అనుకుంటది" అంది. ఆ ఊరివాళ్లంతా ఒక్కచోట ఎక్కడ దొరుకుతారని అడిగింది. అందరూ కాదు గానీ, అతన్ని అన్నవాళ్లంతా ఆదివారం చర్చిలో దొరుకుతారని చెప్పాను.

ఆదివారం ఆమెను ఆటోలో మోతె తీసుకుపోయాను. దారిలో రెండుసార్లు అనుకున్నాను, ఈ వయసులో నాకెందుకీ పని, పేస్టు పూసుకుని బతకక అని. చర్చి ముందు దిగి, చెప్పులెక్కడ విడవాలని అడిగింది. కాళ్లకు పసుపు, ముఖాన రూపాయంత బొట్టుతో లోపలికి నడిచింది. పాట పాడుతున్నవాళ్లు ఆపేశారు. వెనక వరుసలో గోడ పక్కన కూర్చున్న డ్రైవర్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. నేను పాస్టరుగారి దగ్గరికి పోయి చెవిలో రెండు ముక్కలు చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు గానీ మైకు ఆమె చేతికిచ్చాడు. ఆమె మైకును చెంబులా రెండు చేతులతో పట్టుకుంది.

"డీజిల్ల నీళ్లు పోసింది నేను. మా అమ్మకు పోస్తున్న అనుకున్న, కింద టాంకి ఉన్న సంగతి మరిసిన. గీ బిడ్డ బండిల సుక్క నీళ్లు లెవ్వు. ఈనె దొంగ గాదు. నా కొడుకు అన్న మాటకు నేను మొక్కుతున్న" అంది.

అని, మైకు పాస్టరుకిచ్చి, డ్రైవర్ వైపు తిరిగి దండం పెట్టింది. అతను "వద్దవ్వా" అని ముందుకు రాబోయి, రాలేక అక్కడే నిలబడిపోయాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలో పాస్టరుగారికి కూడా తెలియలేదు. అలవాటైన మాటే అన్నాడు.

"ఆమెన్."

ముందు ఒకరిద్దరు అన్నారు. తర్వాత ఆడవాళ్లు, మగవాళ్లు, అందరూ ఒక్కసారిగా అన్నారు. పెద్దమ్మ నా వైపు వంగి మెల్లగా అడిగింది.

"ఏమంటున్నరు కొడుకా?"

"నమ్మినం అంటున్నారు పెద్దమ్మా."

ఆమె తల ఊపింది. వెనక వరుసలో డ్రైవర్ పక్కన కూర్చునేవాళ్లు అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టి, దగ్గరికి జరిగారు.